దాలినాయుడి సున్నా

ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరు ఉద్యోగమంత దిక్కుమాలిన ఉద్యోగం ఇంకోటి లేదు. పని సరిగ్గా చేస్తే ఏమీ జరగదు. ఏమీ జరగకపోతే, ఇంతకీ నువ్వు చేసిందేమిటని అడుగుతారు. ఏదైనా జరిగితే మాత్రం అడగడాల్లేవు, నేరుగా మెడ పట్టుకుంటారు. పదకొండేళ్లు ఈ మాటలు పడి, ఒళ్లు మండి, నేను ఆ యంత్రం తయారు చేశాను.

ఒళ్లు మండి అన్నది సగం నిజం. మిగతా సగం మా నాన్న. నాకు పన్నెండేళ్లప్పుడు ఆయన రియాక్టర్ కడగడానికి లోపలికి దిగి తిరిగి రాలేదు. రియాక్టరంటే మందుల సరుకు ఉడికించే పెద్ద ఇనప తొట్టి. పైన మనిషి దూరేంత మూత ఉంటుంది. ఆ రోజు లోపల నైట్రోజన్ నిలిచిపోయింది. దానికి రంగు లేదు, వాసన లేదు, కనీసం దగ్గయినా రాదు. నాలుగుసార్లు పీల్చేసరికి మోకాళ్లు వదిలేస్తాయి. మూత దగ్గర కాపలా ఉండాల్సిన దాలినాయుడు గేటు బయటికి టీ తాగడానికి వెళ్లాడు. పది నిమిషాల్లో తిరిగి వచ్చాడు, కానీ నాన్నకి అంత వ్యవధి లేకపోయింది.

దాలినాయుడు నాన్నకి ప్రాణస్నేహితుడు. నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. ఆ రోజు నుంచి ఆయన టీ మానేశాడు. అంతే కాదు, ఇరవై ఆరేళ్లుగా తొట్టి మూత దగ్గర కూర్చుంటే, లోపల మనిషి పైకి వచ్చేదాకా కదల్లేదు. అనకాపల్లి దాటి సముద్రం వైపు వెళితే వచ్చే మందుల ఫ్యాక్టరీల్లో ఒకదానిలో ఆయనా, నేనూ, మా తమ్ముడూ పనిచేసేవాళ్లం. ఆయన మూత దగ్గర, నేను ఏసీ గదిలో, తమ్ముడు తొట్టి లోపల.

మా తమ్ముడి పేరు తవిటినాయుడు. వాడికి ముందు అమ్మకి ఇద్దరు పిల్లలు పుట్టి పోయారు. వీడు పుట్టగానే అమ్మ వీణ్ణి పక్కింటావిడ చేతిలో పెట్టి, చేటెడు తవుడిచ్చి తిరిగి కొనుక్కుంది. మా వైపు ఆచారం అది. ఈ పిల్లాడు తవుడు పాటి చెయ్యడు, వీణ్ణి ఎత్తుకుపోయి ఏం లాభమని మృత్యువుకి చెప్పడం. అందరూ తవుడూ అనే పిలిచేవాళ్లు. నన్ను వాడు అప్పా అనేవాడు, మాకు అక్కని అలా పిలవడమే అలవాటు. నేను ఎం.టెక్ చదవడానికి వాడు తొమ్మిదో తరగతిలో బడి మానేశాడు. తరువాత స్టోర్సులో పని ఇప్పిస్తానంటే, "కుర్సీలో కూకుంటే నాకు నడుం నొప్పొస్తాదప్పా" అని నవ్వేశాడు. నాన్నని మింగిన పనిలోనే వాడూ ఉన్నాడు. వాడు రోజూ పైకి రావాలి. నా చదువుకి, నా యంత్రానికి వేరే అర్థమేమీ లేదు.

యంత్రం చేసే పని చెప్పడానికి తేలికే. ఫ్యాక్టరీ నిండా కెమెరాలు, వాయువు మీటర్లు, ప్రతి మనిషి హెల్మెట్లో శెనగగింజంత బిళ్ల. ఇనప తొట్టి లోపల ఉన్నంతసేపూ బిళ్ల కబురు బయటికి అందదు, పైకి వచ్చాకే యంత్రానికి చేరుతుంది. మూడేళ్లపాటు అందరి కదలికా, ఊపిరీ, అలవాట్లూ అది మింగింది. ప్లాంట్ హెడ్ చక్రధర్ గారికి మొదటిసారి చూపించిన రోజున రెండో షెడ్డులో పైనుంచి ఒక పానా జారి ఒకతని హెల్మెట్ మీద పడింది. అతను తల విదిలించుకుని వెళ్లిపోయాడు. నేను ఆ పూట షిఫ్టుని యంత్రంలో మళ్లీ నడిపించాను, హెల్మెట్ తీసేసి. తెర మీద అదే మనిషి, అదే నడక, అదే పానా. ఈసారి అతను లేవలేదు. మళ్లీ నడిపించాను. అలా పదివేల సార్లు నడిపించి, హెల్మెట్ అనే ఒక్క జాగ్రత్త ఈ మూడేళ్లలో ఎన్ని ప్రాణాలు కాపాడిందో అంకె తీసి ఆయన ముందు పెట్టాను. పదిహేడు.

జరగని చావులకి మొట్టమొదటిసారి లెక్క దొరికిందని నా గుండె పొంగిపోయింది. చక్రధర్ గారు చాలాసేపు తెర వైపు చూశారు.

"చాలా బాగుందమ్మా పైడితల్లీ. అయితే, ఏ జాగ్రత్తలు అక్కర్లేదో కూడా ఇది చెబుతుందన్నమాట."

ఎద్దు పుండు కాకికి ముద్దంటారు. ఆయన ఆ మాట అనగానే నాకు ఆ సామెత గుర్తు రావలసింది. రాలేదు. పొగడ్త వినబడితే చెవులు ఇంకేమీ విననివ్వవు.

గేటు దగ్గర పెద్ద బోర్డు పెట్టారు. ప్రతి జాగ్రత్త పేరూ, దాని పక్కన అది కాపాడిన ప్రాణాల సంఖ్యా. పనివాళ్లు యంత్రానికి చిత్రగుప్తుడని పేరు పెట్టేశారు. లోపలికి వచ్చేటప్పుడు బోర్డుకి దండం పెట్టి, "ఇయ్యాల నా సీటీ రాయకు సామీ" అని వేళాకోళమాడేవాళ్లు. నాకది గర్వంగా ఉండేది.

నెల తిరిగేసరికి చక్రధర్ గారు సున్నాల జాబితా అడిగారు. మూడేళ్లలో ఒక్క ప్రాణమూ కాపాడని జాగ్రత్తలు పదిహేను తేలాయి. మెట్ల మీద రెండో రెయిలింగు, డ్రమ్ముల గది బయట మూడో తలుపు, అలాంటివి. జాబితాలో మొట్టమొదటిది మూత దగ్గర కాపలా. దాలినాయుడు. సున్నా. పైగా ఆయన కారణంగా ఆగిన పని, మూడేళ్లలో రెండు వందల పన్నెండు గంటలు.

ఆ గంటల సంగతి నాకు తెలుసు. దాలినాయుడు మూత దగ్గర గొంతుక్కూర్చుని రెండేసి నిమిషాలకోసారి పేరు పెట్టి పిలుస్తాడు. "తవుడో!" "ఉన్నాను బాబాయ్!" అంతటితో వదలడు. "రేత్రి ఏటి కూర తిన్నావురా?" అని అడుగుతాడు. లోపలివాడు ఆనపకాయనో, మెత్తళ్లనో అరవాలి. జవాబు తడబడినా, ఆలస్యమైనా, నిన్న చెప్పిన కూరే మళ్లీ చెప్పినా, తాడు లాగి పైకి రప్పించేస్తాడు. వచ్చినవాడు నిక్షేపంగా ఉంటాడు. మీటర్లలో ఏ తేడా ఉండదు. "నిన్నటి కూరే మిగిలితే ఇయ్యాలా తిన్నాను, తప్పా?" అని వాళ్లు విసుక్కునేవారు. యంత్రం అవన్నీ ఉత్తపుణ్యానికి పని ఆపడం కింద రాసుకుంది.

మిగతా పద్నాలుగు సున్నాలనూ నేను రెండేసి సార్లు సరిచూశాను. దాలినాయుడి సున్నాని చూడలేదు. నిజం చెబుతున్నాను, ఇన్నాళ్లకి చెప్పగలుగుతున్నాను. ఆ సున్నా చూడగానే నా లోపల చల్లగా అనిపించింది. ఇరవై ఆరేళ్లు బాబాయ్ బాబాయ్ అంటూనే ఆ పది నిమిషాల టీని నేను క్షమించలేదు. ఈ మనిషి వల్ల ఎవరికీ ఒరిగిందేమీ లేదని యంత్రం అంటే, యంత్రం మంచిదనుకున్నాను. పదిహేనూ తీసేయమన్న కాగితం మీద సంతకం పెట్టేశాను.

మనిషిని తీసేసినా పిలుపు ఉండాలన్నది చట్టం. అందుకని మూత దగ్గర ఒక డబ్బా పెట్టాలని తేల్చారు. అది రెండు నిమిషాలకోసారి పేరు పిలుస్తుంది. లోపలినుంచి జవాబు వినిపిస్తే సరి, లేకపోతే సైరన్. పనివాళ్లకి అలవాటైన గొంతయితే బాగుంటుందని దాలినాయుణ్ణే పిలిపించి, అరవై నలుగురి పేర్లూ రికార్డు చేయించాం. ఏసీ గదిలో మైకు ముందు ఆయన చేతులు తొడల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు.

"మనిషి నేకండా ఎవల్ని పిలవమంటావు పైడమ్మా?"

"ఉన్నట్టే అనుకుని పిలువు బాబాయ్."

అరవై నాలుగు పేర్లూ పిలిచాడు. తవుడు పేరు దగ్గర గొంతు కొంచెం సాగదీశాడు, ఎప్పుడూ అలాగే పిలుస్తాడు. అయిపోయాక లేస్తూ అడిగాడు.

"మరి కూర సంగతో? అది కూడా సెప్పీమంటావా?"

"అక్కర్లేదులే బాబాయ్, పేరు చాలు."

"అలగైతే సరే." తువ్వాలు దులుపుకున్నాడు. "ఆ అంకె మరి, తప్పు పడ్డాదేమో ఓపాలి సూసినావా?"

"చూశాను," అన్నాను. అబద్ధం.

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి రాలేదు.

రెండు నెలలు ఏమీ జరగలేదు. ఆగిన గంటలు తగ్గాయి. చక్రధర్ గారికి కంపెనీలో పేరొచ్చింది, నాకు ఒక శాలువా వచ్చింది. ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మ చేపల పులుసు వండింది. తింటూ తవుడు డబ్బా కబుర్లు చెప్పాడు.

"అది ఉత్త యెర్రిబాగుల్ది అప్పా. దానికి గొంతు వినబడితే సాలు, ఎవల గొంతో అక్కర్నేదు. సెయ్యి ఖాళీ నేకపోతే పక్కనోడు పలికీడమే. మొన్న నా జతగాడు గౌరీసు పేరుకి నానే మూడుసార్లు పలికీసినాను."

"అలా పలక్కండిరా," అన్నాను.

"మస్టర్లో హాజరు పలకమేటి? ఒకడికొకడు సాయం గదా," అన్నాడు.

అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. ఆ వారం ఢిల్లీలో చదవాల్సిన పేపరు నా ఒళ్లో ఉంది. దాని పేరు 'జరగని ప్రమాదాల గణన'. దాంట్లో కామాలు సరిచూసుకుంటున్నాను. జరగబోయే ప్రమాదం పులుసు కలుపుకుంటూ నా ఎదురుగా కూర్చుని తనే చెబుతోంది. నేను కామాలు సరిచూసుకుంటున్నాను.

మరో తొమ్మిది రోజులకి నాలుగో నంబరు రియాక్టర్ కడగడానికి తవుడూ గౌరీసూ దిగారు. గౌరీసు మధ్యలో నిచ్చెన మీద నిలబడి నీళ్ల గొట్టంతో గోడలు కొడుతున్నాడు. తవుడు అడుగున మడ్డి గీకుతున్నాడు. ఇద్దరికీ కలిపి ఒక్క వాయువు మీటరు, అది గౌరీసు నడుముకుంది. దిగే ముందు అడుగున నైట్రోజన్ వచ్చే గొట్టం విప్పి పక్కన పెట్టాలి. ఎవరో వాల్వు మాత్రం మూసి ఊరుకున్నారు. వాల్వు కారింది.

తరువాత గౌరీసు చెప్పింది చెబుతున్నాను. డబ్బా "తవుడో!" అని పిలిచింది. కింద గీకుతున్న చప్పుడు ఆగి ఉంది. వంగి చూస్తే తవుడు గోడకి ఆనుకుని, తల వంచుకుని ఉన్నాడు. మూల సందులో ఏదో గోకుతున్నాడనుకున్నాడు గౌరీసు. నీళ్ల హోరులో వాడికి పిలుపు వినబడలేదనుకున్నాడు. సైరన్ మోగితే మొత్తం పని ఆగుతుంది, మళ్లీ పర్మిట్ రాయించుకోవాలి. స్నేహితుడి తరఫున తనే అరిచాడు.

"ఉన్నాడు బాబాయ్!"

రెండు నిమిషాలయ్యాక మళ్లీ పిలిచింది. మళ్లీ పలికాడు. మూడోసారి కూడా పలికాడు. నాలుగోసారి పలకబోతూ చూస్తే, తవుడి తల మీది లైటు ఇందాకటి నుంచీ గోడ మీద ఒకే చోట పడుతోంది. అప్పుడు గౌరీసు గొట్టం వదిలేసి కేకలు పెట్టాడు.

నేను పరిగెత్తుకుంటూ వెళ్లేసరికి వాణ్ణి పైకి లాగి పడుకోబెట్టారు. పెదవులు నేరేడు పండు రంగులో ఉన్నాయి. డాక్టరు ఛాతీ మీద నొక్కుతున్నాడు. పక్కన డబ్బా, రెండు నిమిషాలకోసారి, దాలినాయుడి గొంతుతో, కొంచెం సాగదీసి, "తవుడో!" అంటోంది. జవాబు లేకపోయేసరికి సైరన్ మోగుతోంది. ఆ డబ్బా ఎలా ఆపాలో అక్కడ ఎవరికీ తెలియదు. తెలిసినదాన్ని నేను. నాకు చేతులు ఆడలేదు.

అమ్మ ఏడవలేదు. చేట తెచ్చుకుని ఒళ్లో పెట్టుకుని మూడు రోజులు కూర్చుంది. "మరి కాసింత తవుడు ఇయ్యాల్సింది పైడీ. తక్కువిచ్చీసినాను," అంది ఒకసారి. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

పదిహేను రోజుల తరువాత నేను యంత్రం ముందు కూర్చున్నాను. అది తవుడి చావుని కూడా మింగింది. ఆ ఉదయాన్ని, ఆ మూడు జవాబుల్ని, ఆ రెండు నెలల్లో మనుషులు ఎలా మారిపోయారన్నదాన్ని లెక్కలో కలుపుకుని, పాత మూడేళ్లనూ మళ్లీ నడిపింది. దాలినాయుడి పక్కన సున్నా పోయింది. తొమ్మిది వచ్చింది.

తప్పు ఎక్కడుందో అప్పుడు చూశాను. ముందే చూసి ఉండాల్సింది, చూడదలచుకోలేదు గనక చూడలేదు. యంత్రం దాలినాయుణ్ణి తీసేసి లెక్క కట్టింది గానీ, ఆయన పిలిచి పిలిచి వాళ్లకి నేర్పిన అలవాట్లను తీయలేదు. గొట్టం విప్పకుండా దిగితే బాబాయ్ తిడతాడని గొట్టం విప్పేవాళ్లు. కూర అడుగుతాడని బుర్ర పనిచేయించేవాళ్లు. ఆయన ఉన్నన్నాళ్లూ ప్రమాదం మొదలే కాలేదు. మొదలు కానిదాన్ని ఎవరు ఆపారని యంత్రం రాస్తుంది? ఆయన వెళ్లిపోయాక రెండు నెలల్లో ఆ అలవాట్లు ఒకటొకటే సడలిపోయాయి. ఆ తొమ్మిది ప్రాణాల పేర్లు కూడా అది చూపించింది. అందులో తవుడి పేరు మూడు చోట్ల ఉంది. ఆ ముసలాయన నా తమ్ముణ్ణి నాకు మూడుసార్లు తిరిగి ఇచ్చాడు. నేను ఆయనకి సున్నా వేశాను.

ఆ సాయంత్రమే ఆయన ఇంటికి వెళ్లాను. అరుగు మీద కూర్చుని వల కుడుతున్నాడు. నన్ను చూసి లేచాడు.

"నీ అంకె తప్పు బాబాయ్. నేను సరిచూడలేదు. చూశానని నీతో అబద్ధం చెప్పాను. నీది తొమ్మిది." "నాన్న విషయంలో నీ మీద కోపం. అందుకే చూడలేదు."

ఆయన సూది వలకి గుచ్చి పక్కన పెట్టాడు.

"నాకు తెలుసు నేమ్మా, నీకు కోపమని. సిన్నప్పట్నించీ తెలుసు." "అయితే, ఒకడు సచ్చిపోతే గానీ ఆ యంత్రానికి తెలవనేదన్నమాట."

"లేదు."

"నాకూ అంతే గదే పైడమ్మా. మీ నాన్న పోయినాకే నాకూ తెలిసింది. దాన్నని ఏటి లాభం?"

నేను ఆయన కాళ్ల దగ్గర కూర్చుండిపోయి ఏడ్చాను. ఆయన నా నెత్తి మీద చెయ్యి వెయ్యలేదు, వెయ్యబోయి ఆగిపోవడం చూశాను. మా ఇద్దరికీ ఒకరినొకరు ఓదార్చుకునే అర్హత లేదని ఆయనకీ తెలుసు.

మర్నాడు చక్రధర్ గారు మీటింగు పెట్టారు. ముఖం బాధగానే ఉంది. పాపం చెడ్డమనిషి కాదు, నూరు ఫ్యాక్టరీల్లో తొంభైమంది అలాంటివాళ్లే ఉంటారు. దాలినాయుణ్ణి తిరిగి తీసుకుందామన్నారు. ఇంకో మాట కూడా అన్నారు.

"ఒక రకంగా, యంత్రం ఇప్పుడు ఇంకా బాగా నేర్చుకుంది కదమ్మా. ఇకముందు ఇలాంటి పొరపాటు చెయ్యదు."

"మిగతా పద్నాలుగు జాగ్రత్తలు కూడా వెనక్కి పెట్టించాలి సార్. ఈ సున్నా తప్పయితే అవీ తప్పే కావచ్చు."

"కావచ్చు అంటే పైవాళ్లు ఒప్పుకోరు. వాటి పక్కన ఇప్పటికీ సున్నాయే ఉంది. అంకె మారితే తప్పకుండా పెట్టిద్దాం. మీ యంత్రమే కదా, చెప్పనివ్వండి."

అంకె మారడానికి ఏం కావాలో ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. రెండో రెయిలింగుకి ఒక మనిషి కావాలి. మూడో తలుపుకి ఒకరిద్దరు కావాలి. ఒక్కో సున్నాకి ఎవరి ఇంట్లోనో ఒకావిడ చేట ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి. యంత్రం మంచిదే, దానికి ఓపిక కూడా ఎక్కువే. అన్నీ నేర్చుకుంటుంది.

గదికి వచ్చి తలుపు వేసుకున్నాను. మధ్యాహ్నం భోజనాల వేళ, అందరూ క్యాంటీన్లో ఉన్నారు. పద్నాలుగు సున్నాలనూ ఒక్కొక్కటే చెరిపి, చేత్తో అంకెలు కొట్టాను. రెయిలింగుకి మూడు. తలుపుకి అయిదు. ఏ ఆధారమూ లేదు. ఒకచోట ఏడు కొట్టి, మరీ ఎక్కువైతే అనుమానం వస్తుందేమోనని నాలుగు చేశాను. ఢిల్లీలో ఒక్క దశాంశం తేడా వస్తే పేపరు వెనక్కి తీసుకునే మనిషిని, అలా దొంగలెక్కలు రాస్తూ కూర్చున్నాను. మృత్యువుని మోసం చెయ్యడానికి మా అమ్మ ప్రాణానికి వెల తగ్గించి చెప్పింది. పైవాళ్లని మోసం చెయ్యడానికి నేను పెంచి చెప్పాను. ఆవిడ మోసం ముప్పై ఒక్క ఏళ్లు నిలిచింది. నాది ఎన్నాళ్లు నిలుస్తుందో తెలియదు.

వారం తిరిగేసరికి పద్నాలుగూ వెనక్కి వచ్చాయి. చక్రధర్ గారు నా యంత్రాన్ని మళ్లీ పొగిడారు. దాలినాయుడు మూత దగ్గర గొంతుక్కూర్చుని కూరలు అడుగుతున్నాడు. గౌరీసు తొట్టిలోంచి గట్టిగా జవాబు చెబుతాడు, తన పేరుకి మాత్రమే. గేటు దగ్గర బోర్డు మెరుస్తోంది. సున్నా అనేదే లేని బోర్డు. పైవాళ్లొచ్చి దాంతో ఫొటోలు దిగి వెళ్లారు.

ఆ పదిహేనింటిలో నేను చెయ్యి పెట్టని అంకె ఒక్కటే, మొట్టమొదటిది. ఆ తొమ్మిదిని యంత్రమే లెక్కగట్టింది, అణువంత తప్పు లేదు. రోజూ ఉదయం తల వంచుకుని దాని పక్కనుంచే లోపలికి వెళ్తున్నాను.